నాలుగో సిలిండరు, రెండో రింగు

మొన్న బుధవారం కొరియర్ వచ్చింది. పెట్టె విప్పి, అలవాటు ప్రకారం లోపలివన్నీ బల్ల మీద వరసగా పెట్టి, కాగితం మీద రాసుకున్నాను. పిస్టన్ రింగుల సంచులు ఆరు. కొలతల పట్టిక ఒకటి. తుప్పు పట్టకుండా చుట్టిన నూనె కాగితం, నాలుగు మడతలు. చివరగా బొటనవేలంత ఎర్ర చీటీ ఒకటి, దాని మీద ఒకే వాక్యం: చుక్క గుర్తు పై వైపుకు ఉండాలి.

ఆ చీటీని మాత్రం జాబితాలో రాయలేదు. బోర్లా తిప్పి పక్కన పెట్టాను. నూనె కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అంతే, కువైట్‌లోని షువైఖ్‌లో శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలైపోయింది. నాకు పదిహేనేళ్ళు, చెల్లికి పదమూడు.

అమ్మ నర్సు. శుక్రవారాలు ఆమెకు పగటి డ్యూటీ పడేది. మమ్మల్నిద్దరినీ ఫ్లాట్‌లో వదిలేస్తే ఒకరి జుట్టు ఒకరం పీక్కుంటామని ఆవిడ నమ్మకం. దానికి ఆధారాలు లేకపోలేదు. అందుకని నాన్న మమ్మల్ని తనతోపాటు గ్యారేజీకి తీసుకెళ్ళేవాడు. నాన్న ఇంజన్ మెకానిక్. కువైట్ రాకముందు కోనసీమ కాలవల మీద పడవ మోటార్లు బాగుచేసేవాడు. గ్యారేజీకి ఆ రోజు సెలవు కాబట్టి షట్టరు సగమే ఎత్తి, ముగ్గురం వంగి లోపలికి దూరేవాళ్ళం.

అక్కడి వాసనలు నాకిప్పటికీ వరస తప్పకుండా గుర్తున్నాయి. షట్టరు లేవగానే రాత్రంతా మగ్గిన పాత ఆయిల్ వాసన. రెండడుగులు వేస్తే సామాన్లు కడిగే కిరోసిన్. ఎడమ గోడ అవతలున్న లేతు కొట్టు నుంచి కాలిన ఇనుప రజను. వీటన్నిటి మీదుగా, వీధి చివర మలయాళీ హోటల్లో మరుగుతున్న యాలకుల చాయ్. నాన్న మాకు చెరో పరోటా, తనకు రెండు చాయ్‌లు చెప్పేవాడు. రెండో చాయ్ చల్లారాకే తాగేవాడు. ఎందుకని అడిగితే "మొదటిది నిద్దరకి, రెండోది పనికి" అనేవాడు.

ఎండలు తగ్గిన దగ్గర్నుంచి ఆ ఏడాది శుక్రవారాలన్నీ ఒకే కారుకు పోయాయి. అది నాన్న కఫీల్‌ది. కఫీల్ అంటే నాన్న ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, ఎవరి పూచీ మీద ఉందో ఆ యజమాని. గ్యారేజీ కూడా ఆయనదే. దగ్గరికి వస్తే అగరు పొగ వాసన వేసే పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు కొనుక్కున్న రెండు తలుపుల జపాన్ కారు అది, ఒకే వరసలో ఆరు సిలిండర్లు. ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకుని ఓ మూల పడి ఉంది. ఈలోగా ఆయన తమ్ముడు కొత్త కారు కొన్నాడు. ప్రతి చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకున్నప్పుడు తమ్ముడు అన్నని పక్క సీట్లో ఎక్కించుకుని, కాలు నొక్కి, ఎలా ఉందని అడిగేవాడట.

"ఈసారి అలా అడక్కూడదు" అని కఫీల్ నాన్నతో చెప్పాడు. "పాతదాన్నే లేపు. కొత్తదాన్ని దాటాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు వాడు ఇక్కడ నిలబడి చూడాలి."

ఆ గ్యారేజీలో ఆ పెద్దాయన బాధ నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థమై ఉండదు.

ఇంజన్ దించాం. విప్పాం, కడిగాం. బ్లాకును పక్క కొట్టులో బోరింగ్ చేయించి సిలిండర్లను కొంచెం పెద్దవి చేయించాం. గట్టి పిస్టన్లు వచ్చాయి. ఇంజన్‌లోకి గాలిని కుక్కే టర్బోలు పాతవి రెండు చిన్నవి ఉండేవి, వాటి బదులు పెద్దది ఒకటి వచ్చింది. ఇదంతా నేను రెండొందల పేజీల నోటు పుస్తకంలో రాశాను. ప్రతి బోల్టుకూ ఒక వరస, ప్రతి వరస చివరా టిక్ పెట్టడానికి ఒక గడి.

నాన్నకొక పద్ధతి ఉండేది. ఇంజన్‌లోకి వెళ్ళే ప్రతి సామానూ ముందు పేపరు మీదకు రావాలి. అరబ్బీ పేపర్లు వాడనిచ్చేవాడు కాదు. "ఆటి మీద దేవుడి పేరు ఎక్కడుంటదో మనకు తెలీదు, ఆయిలు చేతులు తగలకూడదు" అనేవాడు. ఊరి నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ఆవకాయ సీసాలకు చుట్టి వచ్చిన తెలుగు పేపర్లను అందుకే దాచేవాడు. కొన్నిటికి మెంతిపిండి వాసన పోయేది కాదు. వాటిని నేల మీద పరిచి, సామాన్లు ఏ వరసలో లోపలికి వెళ్తాయో ఆ వరసలో, ఏ వైపు పైకి ఉండాలో ఆ వైపు పైకే పెట్టాలి. పెట్టినవాళ్ళదే పూచీ. బిగించేవాళ్ళు మళ్ళీ చూడకూడదు.

"మళ్ళీ సూత్తే పెట్టినోణ్ణి అనుమానించినట్టే. పేపరు మీదున్నాదంటే ఖలాస్, ఇంజన్లో ఉన్నట్టే."

బిగించేది నేనే అవుతానని మొదట్లో నాకు అనుమానమే లేదు. పెద్దవాణ్ణి, చదివి అర్థం చేసుకునేవాణ్ణి. కొలతల పట్టిక సగం నోటికొచ్చు. బిగింపు మొదలైన శుక్రవారమే ఆ సంగతి తేలిపోయింది. క్రాంకు షాఫ్టును, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, బేరింగుల మీద కూర్చోబెట్టి, ఏడు క్యాపులూ బిగించాక, నాన్న చేత్తో తిప్పి చూడమన్నాడు. నేను రెండు చుట్లు తిప్పి, బాగానే తిరుగుతోందన్నాను. చెల్లి నోట్లో పరోటా ముక్క ఉండగానే వచ్చి, చెయ్యి పావడాకు తుడుచుకుని, కళ్ళు మూసుకుని తిప్పింది.

"మూడో దాని దగ్గర పట్టుకుంటోంది నాన్నా."

"ఎక్కడా పట్టుకోవట్లేదు. పరోటా మింగి మాట్లాడు" అన్నాను.

నాన్న మూడో క్యాపు విప్పాడు. బేరింగ్ రేకు కింద తుడిచే గుడ్డలోంచి ఊడిన నూలు పోగు ఒకటి ఉంది. దాన్ని గోటితో తీసి వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత చెల్లి వేళ్ళ వైపు చూశాడు. ఆ చూపును నేను కొలవబోతే ఏ గేజీ సరిపోయేది కాదు.

ఆ రోజు నుంచి కొలిచి, రాసి, పేపరు మీద పెట్టడం నా పని. బిగించడం ఆమె పని.

పక్క లేతు కొట్టులో ఈజిప్టు తాత ఒకడుండేవాడు. శుక్రవారం కూడా నమాజు వేళ దాకా పనిచేసేవాడు. జేబు నిండా ఖర్జూరాలు, కళ్ళద్దాలకు ఒక వైపు దారం. నూలు పోగు సంగతి విని చూడటానికి వచ్చి, చెల్లిని 'ఉస్తా' అన్నాడు. నన్ను 'ముహందిస్' అన్నాడు. ఖర్జూరాలు ముందు ఉస్తాకిచ్చాడు.

ఇంటికి వెళ్ళాక నాన్నని అడిగాను. "ముహందిస్ అంటే ఇంజనీరే కదా?"

"ఆయ్."

"మరి ఉస్తా అంటే?"

నాన్న గోళ్ళ సందుల్లో గ్రీజు తోముకుంటూనే చెప్పాడు. "ఇంజనీరుకి తెలీకపోతే ఎల్లి ఎవర్ని అడుగుతాడో, ఆడు."

నోటు పుస్తకం చివరి పేజీలో ఆ రాత్రి రెండు గళ్ళు గీశాను. నాన్న చెల్లిని మెచ్చుకున్నవి ఒక గడిలో, నన్ను మెచ్చుకున్నవి ఇంకో గడిలో. ఏడో శుక్రవారానికి ఆమెవి పంతొమ్మిది, నావి నాలుగు. నా నాలుగింటిలో ఒకటి దస్తూరి గురించి.

చేతనైన కక్షలన్నీ తీర్చుకున్నాను. ఆమె చేతి తొడుగుల్ని ఖాళీ ఆయిల్ డబ్బాలో దాచాను. ఖుబ్బూస్ రొట్టెలో చుట్టిన ఫలాఫెల్ వడల మధ్య పచ్చిమిరపకాయ నిలువుగా దూర్చాను. ఆమె తొడుగులు లేకుండానే పని చేసింది. మిరపకాయ తినేసి, "ఈ వారం రుచిగా ఉంది, ఎవరు చేశారు?" అంది. తర్వాత నా కళ్ళద్దాలకు సన్నగా గ్రీజు పూసింది. నేను గంటసేపు నాకు చూపు తగ్గిపోయిందని భయపడ్డాను. ఆమె నవ్వు షట్టరు మీద రాళ్ళు పడ్డట్టు ఉండేది.

పందెం మాత్రం తాళం దగ్గరే. మొదటి శుక్రవారం నాన్న మాతో ఒక మాట అన్నాడు. ఇంజన్ పూర్తయ్యాక, కఫీల్ ముందు, ఆయన తమ్ముడి ముందు మొదటిసారి తాళం తిప్పేది తను కాదు, మా ఇద్దరిలో ఒకరు. "ఎవరి పనికి ఇంజన్ లేత్తాదో ఆళ్ళే తిప్పుతారు." అది నేనేనని లోలోపల రుజువు కూడా రాసుకున్నాను. ప్రతి సామానూ ముందు నా చేతుల్లోంచే కదా పోతోంది.

రింగులు వేసిన శుక్రవారం ఇంట్లోంచి పులిహోర తెచ్చుకున్నాం. సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ప్రతి పిస్టన్‌కూ చుట్టూ రింగులుంటాయి. మొదటిది మంటను ఆపుతుంది. రెండోది గోడ మీది ఆయిల్‌ను కిందికి గీకేస్తుంది. ఈ రెండోదానికి ఒక అంచు కింద సన్నటి చెక్కుడు ఉంటుంది, పై వైపు సూది మొనంత చుక్క ఉంటుంది. తిరగేసి వేస్తే ఆయిల్‌ను కిందికి కాక పైకి తోస్తుంది, ఇంజన్ దాన్ని కాల్చుకుంటుంది. నా పని ఒక్కో రింగునూ సిలిండర్లో సమంగా నిలబెట్టి, రెండు కొసల మధ్య సందును రేకుతో కొలిచి, రాసి, పేపరు మీద చుక్క పైకి వచ్చేలా పెట్టడం.

మూడు సిలిండర్లు అయ్యాయి. నాలుగోదాని రెండో రింగు కొలిచాను. సందు సరిగ్గా ఉంది, రాశాను. పేపరు మీద పెట్టాను. చుక్క కనిపించలేదు.

పొరపాటున తిరగేసి పెట్టానని వెంటనే తెలిసింది. చెయ్యి ముందుకు చాచాను కూడా. సరిగ్గా అప్పుడు వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది. మూడో పిస్టన్‌కు చెల్లి వేసిన రింగుల్ని వేలితో తిప్పి చూస్తున్నాడు.

"అమ్మలూ, వచ్చే వారం తాళం నువ్వే తిప్పాల. ఇది నీ ఇంజనే."

నా చెయ్యి రింగుకు బెత్తెడు దూరంలో ఆగింది. వెనక్కి వచ్చేసింది. పెన్సిల్ తీసుకుని గడిలో టిక్ పెట్టింది.

చెల్లి వచ్చి నాలుగో పిస్టన్ ఒళ్ళో పెట్టుకుంది. రింగు చేతిలోకి తీసుకుంది. ఆగింది. బొటనవేలు అంచు మీద ఒకసారి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అన్నయ్యా, ఇది తిరగబడిందేమో."

"టిక్ పెట్టాను కదా."

"కాదు, అంచు..."

"చూశానంటే చూశాను. పేపరు మీదది మళ్ళీ చూడకూడదని నాన్న చెప్పలేదూ?"

ఆమె నా మొహంలోకి చూసింది. సరే అన్నట్టు తలాడించి, ఆ రింగును అలాగే వేసేసింది.

మిగిలిన రెండు సిలిండర్లకూ నేను చుక్కల్ని రెండేసి సార్లు చూసి పెట్టాను. పులిహోర తినేటప్పుడు వేరుశెనగలు ఏరి నా వంతువి కూడా ఆమెకిచ్చాను. ఏంటీ విశేషం అని అడిగింది. ఆ వారంలో ఆరు రోజులూ నాన్నకు చెప్పడానికి నాకు వీలుంది. ఆదివారం చెబుదామనుకున్నాను. మంగళవారం ఒక్క రింగుకు ఏమవుతుందిలే అనుకున్నాను. గురువారం ఏమైనా అయితే బాగుండుననుకున్నాను.

శుక్రవారం కఫీల్ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఈజిప్టు తాత కూడా లేతు ఆపి వచ్చాడు. చెల్లి కొత్త గౌను వేసుకుంది. సీట్లో కూర్చుంటే తల మాత్రమే కనబడింది.

"యల్లా, ఉస్తా!" అన్నాడు తాత.

తాళం తిప్పింది. రెండు దగ్గులు దగ్గి, మూడోసారి ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు కాళ్ళ కింది నుంచి కడుపులోకి వచ్చింది. కఫీల్ చప్పట్లు కొట్టాడు. నాన్న కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నా రెండు గళ్ళ లెక్కలో ఇది ఎక్కడా పట్టేది కాదు.

మొదట కొంచెం పొగ రావడం మామూలే, బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలాలి. అందరూ ఆగారు. ఐదు నిమిషాలైంది. పదైంది. నీలం పొగ తగ్గలేదు. షట్టరు కింద నుంచి వీధిలోకి పాకింది. తమ్ముడు తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని అరబ్బీలో ఏదో అని నవ్వాడు. తాత ముఖం పక్కకు తిప్పుకుని నాన్నకు వచ్చీరాని హిందీలో చెప్పాడు: "ఇంత మందికీ చాయ్ కాస్తున్నావా అన్నా, అంటున్నాడు."

కఫీల్ అలా నడిచి బయటికి వెళ్ళిపోయాడు.

నాన్న ఇంజన్ ఆపి ఆరు ప్లగ్గులూ ఊడదీశాడు. ఐదు పొడిగా ఉన్నాయి. నాలుగోది నల్లగా, ఆయిల్‌తో తడిగా ఉంది. తర్వాతి శుక్రవారానికి ఇంజన్ మళ్ళీ పేపర్ల మీదకు వచ్చింది. నాలుగో పిస్టన్ బయటికి తీసి, రెండో రింగును వెలుతురుకు పట్టుకుని, చుక్క ఎటుందో చూశాడు. నా నోటు పుస్తకం అడిగి తీసుకున్నాడు. నాలుగో సిలిండరు, రెండో రింగు, పై వైపు, టిక్. దాని మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు. ఆయిల్ మరక పడింది.

చెల్లి నా వైపు చూసింది. చూస్తూనే ఉంది. ఎంతసేపు ఎదురుచూసిందో నేను చెప్పలేను. నా జీవితంలో నేను కొలవకుండా వదిలేసినవి చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి.

"నేనే వేసేటప్పుడు తిప్పేసుంటాను నాన్నా" అంది చివరికి.

నాన్న ఆమె తల మీద చెయ్యి వెయ్యబోయి, చేతికి ఆయిల్ ఉందని ఆగిపోయాడు. పుస్తకం నాకు తిరిగి ఇచ్చాడు. "ఇకమీదట నువ్వు పెట్టింది నువ్వే బిగించుకో" అన్నాడు. కఫీల్ దగ్గరకు వెళ్ళి తప్పు తనదేనని తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి చెల్లి రాలేదు. బడి స్నేహితురాలి ఇంట్లో లెక్కలు చదువుకుంటానంది. అమ్మ సంతోషించింది. తాత గోడ మీంచి తొంగి చూసి "ఉస్తా ఏది?" అని మూడు వారాలు అడిగి మానేశాడు. ఖర్జూరాలు ఇచ్చేవాడు కాని, జేబులోంచి తీసేటప్పుడు రెండు తీసి, ఒకటి మళ్ళీ జేబులో వేసుకునేవాడు.

రెండోసారి తాళం నేనే తిప్పాను. పొగ లేదు. ఒక్క దగ్గు కూడా లేకుండా లేచింది. కఫీల్ ఒక్కడే వచ్చాడు, బాగుందన్నాడు. అప్పటికి ఎడారిలో గుడారాలు పీకేశారు. తమ్ముడు మళ్ళీ రాలేదు. కొత్త కారును పాతది దాటుతుందో లేదో చూసినవాళ్ళెవరూ లేరు. ఆ సాయంత్రం చివరి పేజీలో నా గడిలో ఐదో టిక్ పెట్టబోయి, నాన్న నన్నేమని మెచ్చుకున్నాడో గుర్తు చేసుకోబోయాను. ఏమీ అనలేదు. తాళం చేతిలో పెట్టాడంతే.

ఇప్పుడు ఆ గ్యారేజీ ఉన్న చోట గాజు గోడల కాఫీ కొట్టు ఉంది. అలంకారానికి బల్లల మీద పాత పిస్టన్లు పెట్టారు. ఒకసారి వెళ్ళి ఒకదాన్ని ఎత్తి చూశాను. రింగులు లేవు. తాత ఈజిప్టు వెళ్ళిపోయాడు. నాన్న, అమ్మ కలిసి ఊరు చేరారు. నాన్న మళ్ళీ పడవ మోటార్ల మీద పడ్డాడు, ఫోన్ చేస్తే వెనక మోటారు చప్పుడే వినబడుతుంది. నేను నిజంగానే ముహందిస్‌ని, నీటి పంపుల మరమ్మతు చూస్తాను. చెల్లి కూడా ఇక్కడే, కువైట్‌లోనే, పళ్ళ డాక్టరు. నిరుడు సులైబియాలో పాత సామాన్ల యార్డులో అదే రకం కారు కనిపిస్తే కొన్నాను. అక్కడే ఒక షెడ్డులో సగం చోటు తీసుకుని ఇంజన్ విప్పాను.

కొరియర్ వచ్చిన రాత్రి ఆమెకు ఫోన్ చేశాను.

"రింగులొచ్చాయి. శుక్రవారం వస్తావా?"

"నా వేళ్ళు ఇప్పుడు జనం నోళ్ళలో ఉంటున్నాయి అన్నయ్యా. ఇనుము పట్టుకుంటే పాడైపోవూ?"

"ఫలాఫెల్ పెట్టిస్తా."

"మిరపకాయ లేకుండానా?"

వచ్చింది. నేను అప్పటికే తెలుగు పేపర్లు పరిచాను. ఈ రోజుల్లో అవి దొరకడం కష్టం, అమ్మ పంపిన పెట్టె అడుగు నుంచి తీశాను. ఆరు పిస్టన్లకూ రింగులు కొలిచి, రాసి, చుక్కలన్నీ పైకి పెట్టాను. ఒక్కోటీ మూడుసార్లు చూశాను. ఆమె ముక్కాలి పీట మీద కూర్చుని మొదటి పిస్టన్ ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు అమ్మ మోకాళ్ళ గురించీ, దంతాలు తోముకోని ఒక పెద్దమనిషి గురించీ మాట్లాడుకున్నాం.

"షువైఖ్‌లో నాలుగో సిలిండరు" అన్నాను. "ఆ రోజు అది తిరగబడి ఉందని నాకు తెలుసు. తెలిసే టిక్ పెట్టాను."

ఆమె తలెత్తలేదు. "ఏ రోజు?"

"రింగులు వేసిన రోజు. నువ్వు అడిగావు కూడా."

"నాకేం గుర్తు లేదన్నయ్యా. ఆ తాత ఖర్జూరాలొక్కటే గుర్తున్నాయి." పేపరు వైపు చెయ్యి చాచింది. "ఇటివ్వు, ఎండెక్కుతోంది."

నాకు ఊపిరి ఆడింది. ఆ వెంటనే కుళ్ళు కూడా వచ్చింది. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నదాన్ని ఆమె ఎంత తేలిగ్గా కింద పెట్టేసింది! మర్చిపోవడంలో కూడా నాకంటే ముందే.

అప్పుడు ఆమె చెయ్యి చూశాను.

పేపరు మీద నేను పెట్టిన రింగును ఎత్తి, పిస్టన్ దగ్గరకు తీసుకెళ్ళే ముందు, బొటనవేలితో అంచంతా చుట్టూ తడుముతోంది. కళ్ళు ఎటో ఉన్నాయి, మాట దేని గురించో ఉంది. వేలు మాత్రం ఒక కొస నుంచి రెండో కొస దాకా వెళ్ళి, చెక్కుడు కింద ఉందని చూసుకున్నాకే రింగును పిస్టన్ మీదకు జార్చింది. రెండో పిస్టన్‌కూ అంతే. మూడోదానికీ అంతే.

చూశానులే అని నేను అనలేదు. ఆ వేలు చుట్టు పూర్తి చేసేదాకా ప్రతిసారీ పెన్సిల్ గాల్లోనే పట్టుకుని ఆగాను. నాలుగోదాని దగ్గర ఆమె రెండుసార్లు తడిమింది. అప్పుడు టిక్ పెట్టాను.